సవరణ: జపాన్ రైలు పాస్‌తో నొజోమి ఎక్కవచ్చు

జపాన్ రైల్ పాస్ (విదేశీ సందర్శకులు జపాన్ రైళ్లలో తిరగడానికి కొనే పాస్) ఉన్నవారు నొజోమి, మిజుహో బుల్లెట్ రైళ్లు ఎక్కడానికే వీల్లేదని నిన్న రాశాను. అది తప్పు, పాత నిబంధన. పాస్ అధికారిక వెబ్‌సైట్ ప్రకారం 2023 అక్టోబరు నుంచి అదనపు టికెట్ కొని వాటిలోనూ ప్రయాణించవచ్చు. టోక్యో నుంచి క్యోటోకు ఆ టికెట్ 4,960 యెన్లు. హికారి అనే మరో బుల్లెట్ రైలుకు ఈ అదనపు ఖర్చు లేదు, నొజోమి కంటే అరగంట ఆలస్యమంతే. తొందర లేనివారికి నా సలహా ఇప్పటికీ హికారియే.

పాస్‌పోర్టులో తాత్కాలిక సందర్శకులని తెలిపే ముద్ర లేదా స్టిక్కరు ఉంటేనే పాస్ చేతికిస్తారని నిన్న రాసిన మాటలో మార్పు లేదు. విమానాశ్రయం దాటకముందే ఆ పేజీ తిప్పి చూసుకోండి. పాస్‌కు బదులు ముందుగా వోచరు (తర్వాత పాస్‌గా మార్చుకునే పత్రం) కొన్నవారు దాన్ని మూడు నెలల్లోపు పాస్‌గా మార్చుకోవాలి.