ఆర్గానిక్ కెమిస్ట్రీ మళ్ళీ కడుతున్నాను, ఇక ఎవరూ వద్దనకండి

నిన్న ఇక్కడ అమెరికాలో మా ఫ్రెండ్ వాళ్ళింట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం తిని చెయ్యి కడుక్కుని వస్తుంటే ఒకావిడ ఆపింది. నాకంటే పదేళ్ళు పెద్ద, ఇక్కడ అందరం అక్కా అనే పిలుస్తాం. పదిమందిలో గట్టిగా అడిగింది. "ఏమ్మా, ఆ కుక్కల డాక్టరు చదువు ఇంకా వదల్లేదా? కెమిస్ట్రీలో సీ మైనస్ గ్రేడు వచ్చిందటగా! దేవుడే వద్దని చెబుతుంటే మళ్ళీ అదే సబ్జెక్టు కడతానంటావేంటి? హాయిగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకో, మూడు నెలల్లో జాబ్."

నా గ్రేడు ఆవిడ దాకా ఎలా వెళ్ళిందో తెలియదు. పాప చంకలో ఉంది, పైగా ఒకరింట్లో వ్రతం, అక్కడ నోరు మెదపలేకపోయాను. రాత్రంతా నిద్ర పట్టలేదు. కడుపు మండిపోతోంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

అవును, సీ మైనస్ వచ్చింది. 2023 ఆగస్టులో ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో ఆర్గానిక్ కెమిస్ట్రీ ఒకటో భాగం కట్టినప్పుడు పాపకి ఏడు నెలలు. ఒక చేత్తో పాపని పట్టుకుని ఇంకో చేత్తో ల్యాబ్ రిపోర్టు రాశాను. మిడ్‌టర్మ్ వారం పాపకి 103 జ్వరం. సాకు అనుకునేవాళ్ళు అనుకోండి.

మళ్ళీ చదవాలా వద్దా అని రెండు నెలలు లెక్కలు వేశాను నేను. అమెరికాలో వెటర్నరీ కాలేజీలు చాలావరకు వీఎంక్యాస్ అనే ఒకే అప్లికేషన్ ద్వారా తీసుకుంటాయి. అందులో ఒక సబ్జెక్టు రెండుసార్లు చదివితే రెండు గ్రేడులూ జీపీఏలో, అంటే గ్రేడుల సగటులో, కలుస్తాయి, పాతది చెరిగిపోదు. సీ మైనస్ అంటే 1.7. ఈసారి "ఏ" గ్రేడు తెచ్చుకుంటే 4. సగటు 2.85. "ఇంత కష్టం ఆ 2.85 కోసమా?" అని మా ఆయన కూడా అడిగారు. కానీ చాలా కాలేజీలు ప్రతి ప్రీరిక్విజిట్‌లో, అంటే చేరేముందే చదివి ఉండాల్సిన సబ్జెక్టులో, కనీసం సీ ఉండాలంటాయి, వాళ్ళ దగ్గర సీ మైనస్ ఉన్నా ఆ సబ్జెక్టు చదవనట్టే. ఇంకొన్ని కాలేజీలు సొంతంగా లెక్క వేసుకుని కొత్త గ్రేడునే చూస్తాయి. అందుకే ఇది మళ్ళీ కట్టాల్సిందే. బయాలజీలో బీ వచ్చింది, దాని జోలికి పోను. ఆ డబ్బూ ఆ టైమూ బయోకెమిస్ట్రీకి, జెనెటిక్స్‌కి పెడతాను, అవి ఎలాగూ కావాలి.

మన డిగ్రీ ఉందిగా అంటారు. నాది బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ), 2013లో అయిపోయింది. నా మెమోలో "కెమిస్ట్రీ పేపర్ 2" అని ఉంటుంది. ఇనార్గానిక్, ఆర్గానిక్, ఫిజికల్ మూడూ ఆ ఒక్క పేపర్లోనే. అందులో ఆర్గానిక్ ఎంత చదివానో ఇక్కడివాళ్ళకి ఏం చూపించను? ఫిజిక్స్ బీజడ్‌సీలో అసలు లేదు, ఇంటర్‌లో చదివింది ఇక్కడ హైస్కూల్ లెక్కే. పైగా పదేళ్ళు దాటిన సైన్సు కోర్సులు ఒప్పుకోని కాలేజీలు ఉన్నాయి. డబ్బు సంగతి అడిగితే అర్థముంది. గ్రీన్‌కార్డు లేదు కాబట్టి గవర్నమెంటు లోను రాదు, ఆ భయం నాకూ ఉంది. ఆ అక్క అదీ అడగలేదు. నేరుగా టెస్టింగ్‌కి వెళ్ళిపోయింది. మన ఆడవాళ్ళు ఎవరు ఏం చదవాలనుకున్నా ఇక్కడ అందరికీ ఒకటే మందు, టెస్టింగ్.

నేను అసిస్టెంటుగా పనిచేసే క్లినిక్‌కి పోయిన డిసెంబరులో ఒక ముసలాయన పిల్లిని తువ్వాలులో చుట్టి తెచ్చారు. కుంటుతోందని ఇంట్లో ఉన్న టైలెనాల్ ఒక మాత్ర వేశారట. మన పారాసిటమాలే. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళు చాక్లెట్ రంగులో ఉన్నాయి. ముఖం వాచిపోయింది, ఊపిరి కోసం ఎగపోస్తోంది. నేను దాన్ని పట్టుకుంటే డాక్టరమ్మ సూది గుచ్చి విరుగుడు ఎక్కిస్తూ చెప్పింది. మనిషి లివరు ఆ మందుకి చక్కెర లాంటి ఒక ముక్కని తగిలించి బయటికి పంపేస్తుంది, ఆ పని చేసే ఎంజైము పిల్లికి చాలా తక్కువ, అందుకే మందు విషంగా మారి రక్తం ఆక్సిజన్ మోయలేకుండా పోతుంది అని. ఆ రాత్రి పాప పడుకున్నాక నా పాత ఆర్గానిక్ పుస్తకం తీశాను. ఫినాల్స్ చాప్టర్. పారాసిటమాల్ కూడా ఒక ఫినాలే, దాని ఓహెచ్ గ్రూపుకే ఆ చక్కెర తగిలేది! పరీక్ష కోసం ఎన్నిసార్లు గీశానో ఆ బొమ్మని, ఒక్కసారీ అది దేనికో తెలియలేదు. మూడో రోజు పిల్లి లేచి తిండి తింది. నాకు ఆ సబ్జెక్టు రావాలి. గ్రేడు మాట తర్వాత, సీ మైనస్ చదువుతో ఇంకో పిల్లి ముందు నిలబడలేను.

నిజం చెప్పాలంటే నా మంట ఆ అక్క మీద సగమే. ఈ చదువు వద్దన్న మాట నేను మొదటిసారి వినడం 2010లో.

నాకు పదకొండేళ్ళప్పుడు మా గేదె ఈనలేక రాత్రంతా అరిచింది. దూడ తల ఒక పక్కకి మడత పడింది. మండలం నుంచి డాక్టరుగారు బండి మీద వచ్చి, చొక్కా విప్పి, భుజం దాకా సబ్బునీళ్ళు రాసుకుని చెయ్యి లోపలికి పెట్టారు. టార్చి పట్టుకుంది నేనే. ఆయన కళ్ళు మూసుకుని చేత్తోనే వెతుకుతున్నారు. "ముక్కు దొరికింది" అన్నారు. తల సరిచేసి, ముందుకాళ్ళకి తాడు కట్టి, గేదె ముక్కినప్పుడే లాగమన్నారు. తెల్లారేసరికి దూడ నిలబడింది. ఆరోజు నుంచీ నాకు వేరే చదువు గుర్తులేదు.

2010 ఎంసెట్‌లో నా ర్యాంకుకి గన్నవరం వెటర్నరీ కాలేజీలో సీటు వచ్చేది. మా ఊరి నుంచి బస్సులో గంటన్నర. సర్టిఫికెట్లు జిరాక్సులు తీయించి ఫైలులో పెట్టుకున్నాను. కౌన్సెలింగ్ రోజు పొద్దున్నే పెదనాన్న వచ్చి, "ఆడపిల్ల గేదెల్లో చెయ్యి పెడితే రేపు ఎవడు చేసుకుంటాడు?" అన్నారు. నాన్న ఒక్క మాట అనలేదు. ఫైలు బీరువాలో పెట్టి తాళం వేశాడు. నేను జడ వేసుకుని గుమ్మంలో నిలబడే ఉన్నాను. ఊళ్ళో బస్సు హారన్ వినిపించింది, వెళ్ళిపోయింది.

పోయిన నెల అదే నాన్న వీడియో కాల్ చేశాడు. ఫోను పాడిగేదె పొదుగు దగ్గర పెట్టి, "ఒక చన్ను గట్టిపడిందమ్మా, పాలు విరిగినట్టు వస్తున్నాయి, ఏం మందు వెయ్యాలి?" అని అడిగాడు. అది పొదుగువాపు లాగే ఉంది. అయినా, "నేను డాక్టర్ని కాదు నాన్నా, ఆసుపత్రికి ఫోన్ చెయ్యి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పొద్దున్నే రిజిస్టర్ చేసేశాను. ఫీజు నా జీతంలోంచే కట్టాను. ఆగస్టు నుంచి మంగళ, గురువారాలు సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా ల్యాబ్. వ్రతాలకీ పుట్టినరోజులకీ శనివారం పిలవండి, తప్పకుండా వస్తాను. ఆ రెండు రోజులు మాత్రం నేను రాను.