హెడ్మాస్టరును బడికి వదలండి

సర్కారు బడిలో చదువు సాగడం లేదన్న మాట వచ్చినప్పుడల్లా వేలు టీచరు వైపే చూపుతారు. ఆ టీచరు చేతిలో సుద్దముక్క కన్నా ఫోను ఎక్కువసేపు ఎందుకు ఉంటోందో తెలంగాణ విద్యాశాఖ పెద్దలు ఆలోచించాలి.

ముఖ గుర్తింపు హాజరు, మధ్యాహ్న భోజనం లెక్క, దేశంలోని బడులన్నిటి సమాచారం ఉండే యూడైస్ పోర్టల్‌కు వివరాలు, విద్యార్థి గుర్తింపు సంఖ్య అయిన అపార్ నమోదు అన్నీ బడి నుంచే వెళ్లాలి. ప్రాథమిక పాఠశాలకు గుమాస్తా ఉండడు. చాలాచోట్ల ఇద్దరు ముగ్గురు టీచర్లే ఐదు తరగతులూ చూసుకోవాలి. సాయంత్రం నాలుగింటిలోగా పంపాలంటూ వాట్సాప్‌లో ప్రొఫార్మా వచ్చిందంటే ఆ పూట రెండు తరగతులను కలిపి కూర్చోబెట్టక తప్పదు. హైదరాబాద్‌లో ఒకే ప్రాంగణంలో రెండు మూడు బడులు నడిచే చోట్లున్నాయి. నల్లా ఒకటే, మరుగుదొడ్లు అవే. యూడైస్ కోడ్లు వేరు కాబట్టి వాటి వివరాలను మాత్రం ఎవరికి వారు విడివిడిగా నింపాల్సిందే.

లెక్కలు వద్దని మేము అనడం లేదు. లేని పిల్లలను రిజిస్టరులో చూపిన బడులూ ఉన్నాయి, వాటిని పట్టుకోవాల్సిందే. ఒకసారి ఇచ్చిన సమాచారాన్నే మరో విభాగం మళ్లీ అడగడాన్ని మాత్రం సమర్థించలేం.

పని ఇంతగా కిందికి దిగినా అధికారం పైనే ఉండిపోయింది. బడులకు నిధులిచ్చే కేంద్ర పథకం సమగ్ర శిక్ష కింద 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి కాంపోజిట్ గ్రాంటు ఏడాదికి రూ.25 వేలు. సుద్దముక్కలు, కరెంటు బిల్లు, చిన్నాచితకా మరమ్మతులు అన్నీ అందులోనే. అదీ విడతలుగా వస్తుంది. ఈలోగా బోరు మోటారు కాలిపోతే ప్రధానోపాధ్యాయుడు సొంత జేబులోంచి పెట్టుకోవాలి, లేదా పైకి లేఖ రాసి ఎదురుచూడాలి. ఆ ఎదురుచూపుల రోజుల్లో, నీళ్లు లేని మరుగుదొడ్డికి వెళ్లలేక ఆడపిల్లలు మంచినీళ్లు తాగడమే తగ్గించేస్తారు. ఏ ప్రొఫార్మాలోనూ ఈ సంగతి రాసే గడి లేదు.

జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడరాదని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అయినా 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ప్రాథమిక ఉపాధ్యాయులను పంపి, బడులను ఒంటిపూటకు కుదించారు. సర్వే అవసరమే కావచ్చు. అందుకు మూల్యం చెల్లించింది ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలు.

చుట్టుపక్కల బడులను కలిపిన స్కూల్ కాంప్లెక్సుకు ఒక్క డేటా ఎంట్రీ ఉద్యోగిని ఇస్తే ఈ భారం చాలావరకు దిగిపోతుంది. చిన్న మరమ్మతుల సొమ్ము జూన్‌లో బడి తెరిచేనాటికే ఖాతాలో ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి రిజిస్టర్లు తెరిచేముందు మూడో తరగతిలో కూర్చుని పిల్లలతో ఓ పేరా చదివించాలి. సైఫాబాద్‌లోని పాఠశాల విద్యా డైరెక్టరేట్ నుంచి వెళ్లే ప్రతి ప్రొఫార్మా మీదా, ఈ వివరం యూడైస్‌లో ఇప్పటికే లేదని సరిచూసి సంతకం చేసిన అధికారి పేరు ఉండాలి.