సవరణ: స్టెల్లా కాన్వాస్ ఆకారం మారింది 1960లో

అమెరికన్ చిత్రకారుడు ఫ్రాంక్ స్టెల్లా గురించి మొన్న రాసినదాంట్లో ఒక తప్పు దొర్లింది. 1959 నాటి ‘బ్లాక్ పెయింటింగ్స్’తోనే ఆయన షేప్డ్ కాన్వాస్ (మామూలు దీర్ఘచతురస్రం కాకుండా వేరే ఆకారంలో కట్టిన కాన్వాస్) మొదలుపెట్టారని రాశాను. కాదు. అవి మామూలు దీర్ఘచతురస్రాలే. ఇళ్లకు రంగులేసే బ్రష్షుతో గీసిన నల్లటి పట్టీలు, వాటి మధ్య సన్నగా వదిలేసిన వట్టి కాన్వాస్ గీతలు... వాటి కొత్తదనం అదే.

ఆకారం మారింది 1960లో, అల్యూమినియం రంగు బొమ్మలతో. పట్టీలు మలుపు తిరిగినచోట, మూలల్లోనో అంచుల్లోనో, కాస్త చోటు పనికిరాకుండా మిగిలిపోయేది. ఆ ముక్కను తీసేసి, చట్రాన్నే అక్కడ గాడి పడేలా కట్టారు. ఆయన కెరీర్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఇది. అందుకే ఇక్కడ పొరపాటు పడ్డందుకు బాధగా ఉంది, క్షమించండి.

1965–66 నాటి ‘ఇర్రెగ్యులర్ పాలిగన్స్’ (సమంగా లేని బహుభుజి ఆకారపు కాన్వాసుల మీద ఆయన వేసిన బొమ్మలు) గురించి అప్పుడు రాసినదాంట్లో మార్పేమీ లేదు.