ఆముదం పేగు లోపల పోతుంది, అతుకు పేగు బయట ఉంటుంది

శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి వాట్సాప్ గ్రూపులో, చుట్టాల గ్రూపులో, చివరికి మా నర్సుల గ్రూపులో కూడా ఒకే మెసేజ్ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు 40 రోజులు మంచం దిగకూడదు, నీళ్లు తగ్గించాలి, నడికట్టు గట్టిగా బిగించాలి, రోజూ పరగడుపున రెండు చెంచాల ఆముదం తాగాలి. అలా చేస్తే లోపల పేగులు అతుక్కోవట. అతుక్కుంటే అది డాక్టరు తప్పట. మళ్లీ కోయించి విడదీయించుకుంటే ఇక జన్మలో రాదట.

సర్జికల్ వార్డులో పనిచేసే నేను ఇది చూసి ఊరుకోలేకపోతున్నాను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 100 కాన్పుల్లో 42 సిజేరియన్లే. గర్భసంచి, అపెండిక్స్ ఆపరేషన్లు దానికి అదనం. ఈ మెసేజ్ నమ్మి ఇంట్లో అమలు చేసేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

ముందు ఆముదం సంగతి. ప్రాణం మీదికి తెచ్చేది అదే. ఆముదం పేగు లోపలి దారిలో పోతుంది, పేగును గట్టిగా కదిలించి విరేచనం చేయిస్తుంది. అతుకులు, అంటే పేగులు ఒకదానికొకటి లేదా పొట్ట లోపలి గోడకు అంటుకుపోవడం, పడేది పేగు బయటి పొర మీద. పొలానికి నీళ్లు తోలే పైపులో నూనె పోస్తే బయట చుట్టుకున్న తీగ ఊడదు కదా, ఇదీ అంతే. అతుకు పేగును బిగించి దారి మూసేసినప్పుడు ఆముదం పట్టిస్తే, మూసుకున్న చోటికి పేగును ఇంకా తోసినట్టవుతుంది. ఎప్పుడో గర్భసంచి తీయించుకున్న ఒక పెద్దావిడను మా వార్డుకు తెచ్చినప్పుడు కోడలు అన్న మాట ఇప్పటికీ మరిచిపోలేను: "రెండ్రోజుల నుంచీ ఆముదం పట్టిస్తన్నామమ్మా, అయినా కడుపు దిగలేదు." ఆ రెండు రోజులూ ఆవిడ ఆకుపచ్చగా వాంతి చేసుకుంటూనే ఉంది. కోడలు ప్రేమతోనే చేసింది. ఆమెకు ఎవరూ సరైన మాట చెప్పలేదు.

40 రోజుల మంచం. కడుపులో పేగుల మీద, లోపలి గోడ మీద పెరిటోనియం అనే పల్చటి పొర ఉంటుంది. ఆపరేషన్లో అది గాయపడితే కొన్ని గంటల్లోనే అక్కడ ఫైబ్రిన్ అనే జిగురు వల పడుతుంది. మామూలుగా శరీరమే దాన్ని కరిగించేస్తుంది. రక్తం నిలిచినా, పొర ఎండిపోయినా, చీము చేరినా కరిగించే శక్తి తగ్గుతుంది. అప్పుడా వలలోకి కణాలు, రక్తనాళాలు పెరిగి గట్టి తాడులా మారుతుంది. పొర తిరిగి కప్పుకోవడానికి వారం రోజులు చాలు. అంటే అతుకు పడేదీ లేనిదీ దాదాపు మొదటి వారంలోనే తేలిపోతుంది. నడిస్తే అతుకులు పడవని నేనూ చెప్పను, అందుకు రుజువు లేదు. కానీ డాక్టరు లేవమన్న రోజే లేచి నడిచినవాళ్లకు పేగు త్వరగా కదులుతుంది, కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

నడికట్టు పైన కుట్ల నొప్పికి ఆసరా, అంతే. లోపలి అతుకులను అది ఆపలేదు. నీళ్లు తగ్గిస్తే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్లు లాగుతాయి. ఉద్దానం కిడ్నీ బాధలు కళ్లారా చూసిన జిల్లాలో డాక్టరు చెప్పకుండా నీళ్లు తగ్గించమనడం నాకు మరీ బాధగా ఉంది.

ఇక డాక్టరు తప్పు అనే మాట. పొట్ట తెరిచి చేసిన ఆపరేషన్ల తర్వాత పదిమందిలో తొమ్మిదిమంది దాకా ఏదో ఒక అతుకు ఉంటుందని పరిశోధనల్లో తేలింది. చాలామందికి జీవితాంతం ఆ సంగతే తెలియదు. తగ్గించే మార్గాలు ఉన్నాయి, అవన్నీ ఆపరేషన్ టేబుల్ దగ్గరే: పేగును సుతారంగా పట్టుకోవడం, తడి ఆరనివ్వకపోవడం, రక్తం పూర్తిగా ఆపడం, వీలైతే లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల ద్వారా చేసే ఆపరేషన్) చేయడం, పౌడర్ లేని గ్లవ్స్ వాడటం. గ్లవ్స్ పౌడర్ కూడా అతుకులకు కారణమవుతుంది. అమెరికాలో 2017 జనవరి నుంచి పౌడర్ గ్లవ్స్ నిషేధించారు. కొన్ని ఆపరేషన్లలో పొరల మధ్య పెట్టే, తర్వాత తానే కరిగిపోయే సన్నటి షీట్లున్నాయి. ఆపరేషన్ చివర్లో కడుపులో వదిలే ఐకోడెక్స్ట్రిన్ అనే ద్రవం కూడా ఉంది. ఇవి అతుకులను తగ్గిస్తాయి, పూర్తిగా ఆపలేవు. ముందే ప్లాన్ చేసిన ఆపరేషన్ అయితే "లాప్రోస్కోపీ కుదురుతుందా?" అని డాక్టర్ని అడగండి. అడగడంలో తప్పు లేదు.

మళ్లీ కోయిస్తే శాశ్వతంగా పోతుందనేది కూడా అబద్ధం. విడదీయడమూ ఆపరేషనే, ఆ గాయం మీద కొత్త అతుకులు పడొచ్చు. అందుకే పేగు మూసుకున్నప్పుడు కూడా ప్రమాద సూచనలు లేకపోతే ముందు నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా, ముక్కులోంచి గొట్టం వేసి, సెలైన్ పెట్టి చూస్తారు. చాలామందికి దాంతోనే దారి తెరుచుకుంటుంది. జ్వరం, ఆగని నొప్పి, పేగుకు రక్తం అందడం లేదన్న అనుమానం ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా కోస్తారు.

పొట్ట మీద పాత కుట్టు మచ్చ ఉన్నవాళ్లకు మెలిపెట్టే నొప్పి, వాంతులు, ఉబ్బరం వచ్చి, గాలి కూడా పోకపోతే నోట్లో ఏమీ పోయకండి, ఆముదం అసలే వద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో అడుగుపెట్టగానే పాత ఆపరేషన్ మాట చెప్పండి, అది ఇరవై ఏళ్ల కిందటిదైనా సరే. డిశ్చార్జి కాగితం ఉంటే వెంట తీసుకురండి.