కారు డిస్‌ప్లేలో చూపించే మైలేజీ నమ్మకండి

కారుకి కంపెనీ చెప్పిన మైలేజీ రాలేదంటే తప్పంతా నడిపేవాళ్లదే అన్నట్టు రాశారు ఈ ఆర్టికల్‌లో, అది సగమే నిజమండీ. యూరప్‌లో 2017 నుంచి వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ అనే మైలేజీ కొలిచే టెస్టు కూడా ల్యాబ్‌లో రోలర్ల మీద అరగంటలో 23 కిలోమీటర్లే, ఎత్తులు ఎక్కడం ఉండదు, ఏసీ వెయ్యరు. నేను రెండేళ్లుగా ప్రతిసారీ ఫుల్ ట్యాంక్ కొట్టించి, నాజిల్ మొదటిసారి టక్‌మని ఆగగానే ఇక చాలని చెప్పి, ఓడోమీటర్ రీడింగ్, పట్టిన లీటర్లు చిన్న పుస్తకంలో రాసుకుంటున్నా. డిస్‌ప్లేలో లీటరుకి 20 అని ఉంటే నా లెక్కలో 18.3 వస్తోంది, ఇంచుమించు ఎప్పుడూ అంతే తేడా. అసలు దెబ్బ చిన్న చిన్న ట్రిప్పులదే, పిల్లల్ని స్కూల్లో దింపడానికి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ఇంజిన్ వేడెక్కేలోపే పని అయిపోతుంది, అలాంటి వారాల్లో 14 దాటట్లేదు. అదే హైవే మీద 80లో నిలకడగా వెళ్తే 22 వచ్చింది, 110లో వెళ్తే 17కి పడిపోయింది, వేగం పెరిగేకొద్దీ గాలి అడ్డుకోవడం దాని వర్గంతో (స్క్వేర్‌తో) పెరుగుతుంది మరి. టైర్లలో గాలి నెలకోసారైనా, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడే చూసుకోండి ప్లీజ్. ఒక్క ట్యాంక్ లెక్క చూసి కారు బాలేదనెయ్యకండి, ఐదారు ఫిల్లింగులన్నా కలిపి చూడండి.