ఆపరేషన్ అయింది, వైద్యం సగమే అయింది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ప్రొస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) ఆపరేషన్‌కి విశాఖ వెళ్లేవాళ్లు తక్కువేం కాదు. కొందరికి ప్రభుత్వ పథకం కింద అవుతుంది, కొందరు అప్పు చేసి చేయించుకుంటారు. మూత్రం పైపు తీస్తారు, మాత్రలు రాస్తారు, మళ్లీ ఫలానా తేదీకి రమ్మంటారు. ఆ డిశ్చార్జి కాగితం మీద ఉండాల్సిన ఒక్క మాట మాత్రం చాలాసార్లు ఉండదు. మూత్రాన్ని పట్టి ఉంచే కండరాలకి వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టును కలవమనే మాట అది. అది రాయనంతవరకూ ఆ ఆపరేషన్ పూర్తయినట్టు నేను ఒప్పుకోను.

మగవాడి శరీరంలో మూత్రాన్ని ఆపేందుకు రెండు అడ్డుకట్టలుంటాయి. ఒకటి మూత్రాశయం మెడ దగ్గర, రెండోది ప్రొస్టేట్ కింద. క్యాన్సర్ వచ్చి గ్రంథి మొత్తం తీసేసినా, వాపు ఉందని లోపల చెక్కినా ముఖ్యంగా దెబ్బతినేది పైదే. అప్పటిదాకా రెండూ మోసిన బరువంతా కింది కండరం మీద, దాని చుట్టూ అల్లుకున్న కటి కండరాల (పొత్తికడుపు అడుగున ఉండేవి) మీద పడుతుంది. అరవై డెబ్బై ఏళ్ల జీవితంలో ఆయన ఎప్పుడూ విడిగా గమనించని కండరాలవి. దగ్గినా, తుమ్మినా, కుర్చీలోంచి లేచినా, బియ్యం మూట ఎత్తినా చుక్కలు పడతాయి.

ఆమదాలవలస వైపు నాకు తెలిసిన ఒక పెద్దాయన ఏటా పైడితల్లి సిరిమానుకి వెళ్లేవారు. ఇప్పుడు వెళ్లడం లేదు. బస్సు ఎక్కితే తలుపు పక్క సీటే కావాలి, సంచిలో ఇంకో లుంగీ ఉండాలి, అదీ ముదురు రంగుదే. "పెళ్లిళ్లకి ఎల్లడం మానేసినాను బావూ, తడిస్తే ఎక్కడికి పోతాం?" అన్నారు. బయటికి వెళ్లే రోజు పొద్దున్నుంచీ నీళ్లు తాగరట. ఈ మాట నన్ను భయపెట్టింది. నీళ్లు మానేస్తే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా రేపుతుంది, ఇన్‌ఫెక్షన్‌కి దారి ఇస్తుంది. ఉద్దానంలో కిడ్నీలు ఎలా పాడవుతున్నాయో చూస్తున్న జిల్లాలో, ఎండలో పనిచేసే మనిషి భయపడి గొంతు ఎండబెట్టుకుంటున్నాడంటే మనం ఊరుకోవచ్చా?

ఆయనకి ఎవరూ చెప్పని విషయం చెప్పడానికి అరగంట చాలు. మూత్రం మధ్యలో ఆపినట్టు, గ్యాసు పోకుండా బిగబట్టినట్టు కింది కండరాన్ని లోపలికి, పైకి లాగాలి. ఊపిరి బిగబట్టకూడదు. పిరుదులు, తొడలు, పొట్ట కదలకూడదు. కొన్ని సెకన్లు పట్టి, అంతే సేపు పూర్తిగా వదిలేయాలి. ఈ వదలడమే చాలామంది మర్చిపోతారు. కండరం ఏదో గుర్తుపట్టడానికి ఒకసారి తప్ప, మూత్రం పోస్తూ ఈ సాధన చేయకూడదు. దగ్గేముందు, లేచేముందు బిగించడం అలవాటు కావాలి. ఉన్నట్టుండి తన్నుకొస్తే పరుగెత్తకుండా నిలబడి, నాలుగైదుసార్లు గబగబా బిగించి, ఆ ఉధృతి తగ్గాక నడవాలి. ఇదంతా ఆపరేషన్‌కి ముందే నేర్పాలి, పైపు ఉన్నన్నాళ్లు ఆపి, తీశాక మళ్లీ మొదలెట్టించాలి.

యూట్యూబ్‌లో చూసి చేసుకోవచ్చు కదా అంటారు. కొందరికి ఆ కండరాలు బలహీనంగా కాదు, ఎప్పుడూ బిగుసుకుని ఉంటాయి. మూత్రంలో మంట, పొత్తికడుపు కింద ఎడతెగని నొప్పితో వచ్చేవాళ్లలో ఇది కనిపిస్తుంది. వాళ్లు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది, వాళ్లకి సడలించడం నేర్పాలి. ఆ తేడా చేత్తో పరీక్షించి చెప్పగలిగిన మనిషి కావాలి. మూత్రంలో రక్తం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా ముందు డాక్టరు దగ్గరికే, అందులో వాదన లేదు.

ఎలాగూ కొన్ని నెలల్లో చాలామందికి తగ్గిపోతుంది, దీనికో మనిషి దేనికి అనేవాళ్లున్నారు. బ్రిటన్‌లో జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఫిజియో దగ్గర ఒక్కొక్కరికీ విడిగా నేర్పించినా ఏడాది తర్వాత పెద్ద తేడా కనబడలేదని తేలింది. నిజమే. కానీ అక్కడ క్యాన్సర్ ఆపరేషన్ అయి, విడిగా శిక్షణ లేనివాళ్లలో కూడా చాలామంది ఈ వ్యాయామాలు సొంతంగా చేస్తూనే ఉన్నారు. అక్కడి వాళ్లకి ఆ వ్యాయామం ఒకటుందని తెలుసు. మన పెద్దాయనకి తెలియదు. పైగా ఎవరికీ చెప్పుకోలేక గడిపిన ఆ ఏడాదిని ఎవరు లెక్క కడతారు?

నాకు అసలు కోపం ఇంకోచోట ఉంది. ఉత్తరాంధ్రకి ఆరోగ్యమంటే భవనం అని తీర్మానించేశారు. 2023లో విజయనగరానికి మెడికల్ కాలేజీ వచ్చింది, అదే ఏడాది డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆస్పత్రి మొదలయ్యాయి. రావలసినవే, ఆలస్యంగానైనా వచ్చాయి. కానీ శిలాఫలకం వేయడానికి వీల్లేని వైద్యం ఒకటుంది. ఒక మనిషి ఇంకో మనిషి పక్కన కూర్చుని ఓపిగ్గా నేర్పేది. ఫిజియో అంటే నడుముకి, మోకాలికి కరెంటు పెట్టే గది అనుకునే మన దగ్గర దానికి బడ్జెట్‌లో వరుస దొరకదు. ఫిజియోథెరపీని వృత్తిగా గుర్తిస్తూ పార్లమెంటు 2021లో చట్టం చేసింది. చట్టం వచ్చింది సరే, జిల్లాలో పోస్టులెన్ని, అందులో కటి కండరాల వైద్యంలో శిక్షణ ఉన్నవాళ్లెందరు అని అడిగే నాయకుడెవరు? మగవాళ్ల గురించే మొదలెట్టాను గానీ, కాన్పుల తర్వాత గర్భసంచి జారి, నవ్వితే తడిసే ఆడవాళ్లకీ ఇవే కండరాలు, ఇదే వైద్యం. జీడిపప్పు బట్టీల్లో గంటల తరబడి కూర్చునే అక్కలని ఒక్కసారి అడగండి.

కొత్త భవనం అక్కర్లేదు. రెండు జిల్లా కేంద్రాల ప్రభుత్వ ఆస్పత్రుల్లోనూ ఒక ఫిజియోకి ఈ శిక్షణ ఇప్పించి, వారంలో ఒక మధ్యాహ్నం మగవాళ్ల కోసం తలుపు వేసుకునే గది ఇవ్వాలి. విశాఖలో ఆపరేషన్ చేసిన ఆస్పత్రి డిశ్చార్జి కాగితం మీద ఆ గది పేరు, వారంలో ఏ రోజో రాయాలి. విలేజ్ క్లినిక్‌లో బీపీ, షుగరు చూసేటప్పుడు అరవై దాటిన మగవాళ్లని మూత్రం ఆగుతోందా అని కూడా అడగాలి. ఇద్దరు కలెక్టర్లు తలచుకుంటే దీనికి కావలసింది రెండు ఉత్తర్వులు.