‘ఆతేరయపురం’ ఎక్కడుంది?

రావులపాలెం బస్టాండులో అమ్మమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ ఓ పిల్ల వచ్చిన ప్రతి బస్సు బోర్డూ పైకి చదువుతోంది. మూడో తరగతి అట. ‘అమలాపురం’ తడుముకోకుండా చదివింది. ‘రాజోలు’ కూడా అంతే. ఆ తరువాతి బస్సు దగ్గర కాసేపు ఆగి, ‘ఆతేరయపురం’ అంది. అమ్మమ్మ నవ్వి, ‘ఆత్రేయపురమే, పూతరేకుల ఊరు’ అని సరిదిద్దింది. పిల్ల మళ్లీ బోర్డు వంక అనుమానంగా చూసింది. తను చదివిందే అక్కడ రాసి ఉందని ఆ చూపు చెబుతోంది. ఒక రకంగా చూస్తే ఆ పిల్లది తప్పు కాదు.

‘త్రే’ అన్న అక్షరంలో ఏత్వం త నెత్తిన కూర్చుంటుంది. ర అడుగున ఒత్తుగా ఒదిగి ఉంటుంది. కంటికి ముందు ‘తే’ కనబడుతుంది, తరువాత ‘ర’. నోరు మాత్రం త, ర లను కలిపాకనే ఏకారం పలకాలి. అంటే పైన కనబడిన అచ్చును కాసేపు దాచిపెట్టి, కింది హల్లు పలికాక బయటికి తీయాలి. మనకు అలవాటైపోయి ఈ మెలిక కనబడదు. ఎనిమిదేళ్ల పిల్లకు అది కొండంత. అందుకే అంతర్వేది ‘అంతరేవది’ అవుతుంది, కుర్చీ ‘కురీచ’ అవుతుంది. అవి విని కొందరు పెద్దలు నవ్వుకుంటారు, ఇంకొందరు ‘అక్షరాలే రావు’ అని తేల్చేస్తారు. అక్షరాలు రాకపోతే ‘ఆతేరయపురం’ అని చదవడమే సాధ్యం కాదు. ఆ పిల్లకు అక్షరం వచ్చు, గుణింతం వచ్చు, ఒత్తునూ గుర్తుపట్టింది. మూడింటినీ ఏ వరసలో కలపాలో ఎవరూ విప్పి చూపలేదు.

ఒత్తులు రెండో తరగతిలోనే ‘అయిపోయాయి’ అని మన బడుల లెక్క. అయిపోవడమంటే చార్టు మీద వరసగా వల్లించడం. నిజానికి త, న, మ, య, ర, ల ఒత్తులకు వాటి అసలు అక్షరాల పోలికే ఉండదు. విచిత్రమేమిటంటే ఇంట్లో పిల్లలు రోజూ పిలిచే పిలుపులన్నీ వీటితోనే ఉన్నాయి: అమ్మ, అన్న, అత్త, చెల్లి, తాతయ్య. చార్టుకు బదులు ఈ అయిదు మాటలతో మొదలుపెడితే అయిదు ఒత్తులు ఇంటి మనుషుల్లా గుర్తుండిపోతాయి. ర ఒత్తుకు మన ఊళ్ల పేర్లున్నాయి, ద్రాక్షారామం, ఆత్రేయపురం. దీనికి పథకమూ అక్కర్లేదు, ట్యాబూ అక్కర్లేదు.

ఇంత చిన్న విషయానికి ఇంత పట్టుదల ఎందుకంటే, మూడో తరగతి దాటాక దీన్ని పట్టించుకునేవారు ఉండరు. నాలుగో తరగతి పరిసరాల పాఠం ‘మీకు చదవడం వచ్చు’ అనుకునే మొదలవుతుంది. 2021 జులైలో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ పథకం కూడా మూడో తరగతినే గీతగా పెట్టుకుంది. 2026-27 నాటికి ఆ తరగతి ముగిసేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలన్నది లక్ష్యం. ఎక్కడున్నామో పల్లెల్లో పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే చెబుతుంది. దేశంలోని పల్లెల ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లలు రెండో తరగతి స్థాయి పాఠం చదవగలిగింది 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగింది, సంతోషం. ఇంకా నలుగురిలో ఒక్కరు కూడా కాదు.

నిపుణ్ లక్ష్యంలో మూడో తరగతికి నిమిషానికి అరవై మాటలన్న కొలత ఒకటుంది. దాన్ని తెలుగుకు ఉన్నదున్నట్టు అంటగట్టకూడదు. ‘వెళ్లిపోతున్నాడనుకున్నాను’ మనకు ఒకే మాట. ఇంగ్లిషులో అదే సంగతి చెప్పడానికి అరడజను మాటలు కావాలి. 2022 మార్చిలో జాతీయ విద్యా పరిశోధన సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ మూడో తరగతి పిల్లల మీద జరిపిన అధ్యయనం భాషకో కొలత విడిగా పెట్టింది, అదే సబబు. మండల సమావేశాల్లో గడియారం పట్టుకుని పిల్లలను పరుగెత్తించే వారికి ఈ సంగతి ఎవరైనా చెబితే బాగుండును.

ఇక రాత. మన బడుల్లో అసలు జబ్బు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. మూడో తరగతి నోటుపుస్తకాలు తెరిచి చూడండి, ముత్యాల్లాంటి అక్షరాలు, గీత దాటని వరసలు. తల్లిదండ్రులు మురిసిపోతారు, తనిఖీకి వచ్చినవారు సంతకం పెడతారు. ఆ పుటలోంచి ఒక వాక్యం వేలితో చూపించి చదవమంటే చాలామంది చదవలేరు. నల్లబల్ల మీది ప్రశ్న జవాబులను బొమ్మ గీసినట్టు దించారంతే. చూచిరాతకు విలువ లేదనను, చేతివేళ్లు తిరగడానికి అది కావాలి. కానీ ఏడాది పొడవునా అదొక్కటే రాత అయితే, తన మాటను తను కాగితం మీద పెట్టవచ్చన్న సంగతే బిడ్డకు తెలియదు.

మాటలకు కొదవ ఉందా అంటే, డెల్టాలో అసలే లేదు. కోనసీమలో చాలా ఇళ్లలో అమ్మ కువైట్‌లోనో మస్కట్‌లోనో ఉంటుంది, పిల్లలు అమ్మమ్మ దగ్గర పెరుగుతారు. రాత్రి ఫోనులో అమ్మకు వాయిస్ మెసేజ్ పెట్టే పిల్లను ఎప్పుడైనా విన్నారా? ఆవు ఈనడం, లంకలోకి నీళ్లు రావడం, ప్రభల తీర్థంలో తప్పిపోబోవడం, అన్నీ మొదలూ చివరా ఉన్న కథలే, రెండేసి నిమిషాలు ఆగకుండా చెబుతుంది. అదే పిల్లను మర్నాడు బడిలో ‘వరద గురించి అయిదు వాక్యాలు రాయి’ అంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటుంది. చదువు వాడుక మాటల్లో సాగాలని జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి 1936లో రాజమండ్రికి వచ్చి అక్కడే స్థిరపడ్డారు. ఆయన ఉన్న నేల మీదనే పిల్లల మాటకూ నోటుపుస్తకానికీ మధ్య గోదావరి అంత పాయ ఉంది.

బిడ్డ చెప్పింది చెప్పినట్టు టీచరు బల్ల మీద రాసి, దాన్నే అందరితో చదివిస్తే ఆ పాయ మీద వంతెన పడుతుంది. బిడ్డ గోదావరి యాసలో ‘ఆయ్’ అంటే ‘ఆయ్’ అనే రాయాలి. పుస్తకాల తెలుగు తరువాత దానంతట అదే వస్తుంది. తెలుగు, ఇంగ్లిషు ఎదురెదురు పుటల్లో అచ్చేసిన పాఠ్యపుస్తకాలు ఇచ్చాం, మాధ్యమం మీద ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాం. ‘త్రే’ దగ్గర ఆగిపోయిన పిల్లకు రెండు పుటలూ ఒకటే.

ఇదంతా టీచర్ల మీదికి నెట్టడం కూడా అన్యాయం. 2022లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన జీవో 117తో చాలాచోట్ల 3, 4, 5 తరగతులను హైస్కూళ్లకు తరలించారు. పదో తరగతికి సంధులు చెప్పే మాస్టారి ముందు గుణింతం తడబడే పిల్లలను కూర్చోబెట్టారు. 2025లో ఆ జీవో రద్దయింది, తరగతికో టీచరు ఉండే ఆదర్శ ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి. మంచిదే. అయితే ఆ టీచరుకు యాప్‌లో ఫొటోలు ఎక్కించే పని తగ్గించకపోతే ఉపయోగం లేదు. పాతికమంది పిల్లల చేత మూడేసి నిమిషాలు విడివిడిగా చదివించడానికి గంటా పావు పడుతుంది. రెండు రోజులకు పంచుకుంటే రోజుకు నలభై నిమిషాలైనా కాదు. ఆ నలభై నిమిషాలకు ఎవరూ అడ్డు రాకుండా చూడటమే అధికారులు చేయగలిగిన మేలు.

ఆమధ్య ఒక బడిలో మూడో తరగతి నోటుపుస్తకం ఒకటి చూశాను. ‘మా అమమ పంటు ఎకటానికి బయపడింది. నేను చెయి పటుకునాను.’ పంటు అంటే రేవు దాటించే పెద్ద పడవ. ఎనిమిది మాటల్లో అయిదు తప్పులు, అందులో నాలుగు ఒత్తులు లేనివే. ఎర్రసిరా ఎక్కడా లేదు. కింద టీచరు నీలం సిరాతో, ‘అమ్మమ్మను ఏ రేవులో ఎక్కించావు?’ అని రాసింది. దాని కింద పెన్సిల్‌తో జవాబు: ‘కోటిపలి. అమ్మమ్మ నవింది.’